దయకు కారణం కావాలా?

మనిషి చేసిన దానికి ఫలం అనుభవించక తప్పదని నమ్మడం ఒక ఎత్తు. ఆ ఫలం ఇచ్చేవాడు దయామయుడని నమ్మడం ఇంకో ఎత్తు. ఈ రెండు నమ్మకాలూ వేరువేరు గుడుల్లో ఉన్నంతకాలం పేచీ లేదు. ఒకే దేవుడిలో రెండింటినీ చూడబోయేసరికి వెయ్యేళ్ళకు పైబడిన వాదం లేచింది. తప్పుకు తగిన ఫలం ఇవ్వకపోతే న్యాయం ఏమైనట్టు? ఇచ్చి తీరేటట్టయితే దయామయుడన్న పేరు ఎందుకు?

ఇవాళ ఈ వాదం మరీ చిక్కుపడి కనబడటానికి కారణం, అది మన చెవిన ముక్కలుముక్కలుగా పడటమే. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు గరుడ పురాణం చదివించి కర్మ తప్పదంటారు. భాగవత సప్తాహంలో ఒక్క నామంతో పాపమంతా కాలిపోతుందంటారు. రెండూ శాస్త్రమే, వినేవాళ్ళూ ఒకరే. ఏ పక్షం ఎక్కడ పుట్టింది, ఎవరి మాటకు ఎవరు ఏం జవాబిచ్చారు, తేలనిదేమిటి అన్నది ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. బరువంతా శ్రీవైష్ణవ చర్చ మీదే ఉంటుంది. మన దేశంలో ఈ ప్రశ్నను అంత పట్టుగా, అంత వివరంగా నలిపినవాళ్ళు వాళ్ళే.

సూత్రకారుడి ముందు పెట్టిన అభియోగం

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఆరోపణ సూటిగానే ఉంది. దేవతలను సుఖంలో, పశువులను కష్టంలో, మనుషులను నడుమ పుట్టించినవాడిది పక్షపాతం కాదా? ప్రళయంలో అందరినీ తుడిచిపెట్టేవాడిది కర్కశత్వం కాదా? శాస్త్రం వీటికి వైషమ్యం, నైర్ఘృణ్యం అని పేర్లు పెట్టింది. సూత్రకారుడు రెండింటినీ ఒకే కారణంతో తోసిపుచ్చాడు: ఈశ్వరుడు తనకు తోచినట్టు చేయడు, జీవుల కర్మను బట్టి చేస్తాడు. శంకరులు దీనికి వానను చూపించారు. వాన అన్ని చేలలోనూ ఒకేలా కురుస్తుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనంలో ఉన్న శక్తి.

మరి మొట్టమొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారానికి మొదలే లేదు కనుక ఆ ప్రశ్నే పుట్టదని జవాబు. తర్కంగా ఇది నిలుస్తుంది. అయితే దీనికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. దేవుడు నింద నుంచి బయటపడ్డాడు గానీ, ఆయనకు పని తగ్గిపోయింది. మీమాంసకులు అక్కడే పట్టుకున్నారు. కర్మే ఫలమిస్తుంది, చేసిన యాగం అపూర్వమనే శక్తిగా నిలిచి ఫలిస్తుంది, నడుమ న్యాయాధిపతి ఎందుకు అన్నది జైమిని పక్షం. జైనులూ బౌద్ధులూ అసలు తీర్పరి లేకుండానే కర్మ సిద్ధాంతాన్ని నిలబెట్టారు. జడమైన కర్మ తనంతట తాను లెక్కచూసి ఫలం పంచలేదు, చేతనుడొకడు పైనుండి నడిపించాలి అని నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో వాదించాడు. ఈశ్వరుడి ఉనికి అలా నిలిచింది. కానీ ఆ ఈశ్వరుడు చట్టాన్ని అమలుచేసే అధికారిగా మాత్రమే మిగిలాడు. క్షమించే అధికారం ఆయనకు ఉందా లేదా అన్నది ఉదయనుడి ప్రశ్నే కాదు.

రామానుజులకు అది ప్రశ్నే. ఆయనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కౌషీతకి ఉపనిషత్తులో ఒక మాట వస్తుంది: ఎవరిని పైకి తీసుకుపోదలిస్తే వారిచేత మంచి పనులు, ఎవరిని కిందికి దింపదలిస్తే వారిచేత చెడ్డ పనులు ఆయనే చేయిస్తాడని. చేయించినవాడే శిక్షిస్తే ఇక న్యాయం ఊసెక్కడ? శ్రీభాష్యంలో రామానుజులు దీన్ని రెండు మెట్లలో విడదీశారు. మొదటి పూనిక జీవుడిది, ఈశ్వరుడు అనుమతిస్తాడు. ఉమ్మడి ఆస్తిని ఒకరు మూడోవాడికి ఇవ్వాలంటే రెండో హక్కుదారు ఒప్పుకోవాలి, అయినా ఇచ్చిన ఫలం ఇవ్వడానికి పూనుకున్నవాడిదే. రెండో మెట్టులో, ఈశ్వరుడికి ఇష్టమైన దారి పట్టాలని గట్టిగా నిశ్చయించుకున్నవాడికి ఆయన మంచిపై రుచి పుట్టిస్తాడు, ఎదురు తిరిగి నిలిచినవాడికి చెడుపై రుచి పుట్టిస్తాడు. ఉపనిషత్తు చెప్పింది ఈ రెండో మెట్టు గురించే అన్నారు. తరువాతి రెండు మూడు శతాబ్దాల గొడవకు విత్తనం ఇక్కడుంది. ఆ మొదటి నిశ్చయం జీవుడికి ఎక్కడి నుంచి వచ్చింది?

తీర్పరికే తీర్పు

దర్శనాలు సూత్రాల్లో తేల్చుకుంటూ ఉండగా ఇతిహాసం ఇంకో దారిన పోయింది. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. దొంగలు ఆశ్రమంలో దాక్కుంటే, మౌనవ్రతంలో ఉన్న ముని నోరు విప్పలేదని రాజభటులు ఆయన్ని కూడా శూలానికి ఎక్కించారు. తరువాత ఆయన ధర్మదేవత దగ్గరికి వెళ్ళి, ఏ పాపానికి ఈ ఫలం అని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చావని జవాబు వచ్చింది. ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా అని ముని ధర్ముడినే శపించాడు. ధర్ముడు విదురుడై పుట్టాడు. పైగా పద్నాలుగేళ్ళు నిండేదాకా చేసినది పాపంగా లెక్కకు రాకూడదని ముని ఒక హద్దు కూడా గీశాడు.

ఈ కథను దయ కథగా చదవడం పొరపాటు. మాండవ్యుడు క్షమించమని అడగలేదు. శిక్ష తప్పుకు తగినంతే ఉండాలని, తెలిసీ తెలియని వయసును లెక్కలోకి తీసుకోవాలని అడిగాడు. న్యాయం లోపలే ఒక కొలత ఉండాలన్నది ఆయన వాదం. కర్మ సిద్ధాంతం మీద వచ్చే విమర్శల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్నే. దయను పిలవకముందే న్యాయాన్ని సరిచేసుకోవలసిన పని కొంత ఉందని భారతం ఒప్పుకుంది. ఆ సంగతి తరువాతి భక్తి వాదాల్లో బాగా వెనకబడిపోయింది.

కోతిపిల్ల పక్షం, పిల్లిపిల్ల పక్షం

రామానుజుల తరువాత శ్రీవైష్ణవం రెండుగా చీలిన సంగతి నామాల ఆకారంలో అందరికీ కనిపిస్తుంది. లోపలి తగాదాలో ముఖ్యమైనది కృప గురించి. ఒకవైపు పిళ్ళై లోకాచార్యులు, ఆయన శ్రీవచన భూషణం, దానికి వ్యాఖ్య రాసిన మణవాళ మాముని. ఇంకోవైపు 1268లో కాంచీపురం పక్కన తూప్పుల్‌లో పుట్టిన వేదాంత దేశికులు, ఆయన రహస్యత్రయసారం. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడుతుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుపోతుంది. ఈ పోలికతో దేశికుల పక్షమైన వడగలై వారిది మర్కట కిశోర న్యాయమని, లోకాచార్యుల పక్షమైన తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయమని అందరూ చెప్పేస్తారు. గుర్తుంచుకోవడానికి ఇది పనికొస్తుంది, అర్థం చేసుకోవడానికి అంతగా పనికిరాదు. దేశికులు జీవుడి పట్టు వల్ల మోక్షం వస్తుందని ఎక్కడా అనలేదు.

దేశికులు అన్నది ఇంతే: దయ దేవుడి స్వభావమే. కానీ ఏ నెపమూ లేకుండా దయ చూపితే అందరినీ ఇప్పుడే ఎందుకు తరింపజేయలేదన్న ప్రశ్నకు జవాబుండదు. ఒకణ్ని తీసుకుపోయి ఇంకొకణ్ని వదిలేస్తే వైషమ్యం, నైర్ఘృణ్యం మళ్ళీ తలుపు తడతాయి. కనుక జీవుడి వైపు నుంచి చిన్న వ్యాజం, ఒక నెపం, ఉండాలి. శరణాగతి ఆ నెపం. అది ఫలానికి వెల అని ఆయన అనలేదు. దయకు అడ్డుగా ఉన్న న్యాయాన్ని పక్కకు జరపడానికి దేవుడికే కావలసిన సాకు అది.

లోకాచార్యుల వైపు నుంచి చూస్తే ఈ చిన్న నెపమే పెద్ద తప్పు. జీవుడు పూర్తిగా భగవంతుడి సొత్తు. సొత్తు తనను తాను యజమానికి సమర్పించుకోవడమేమిటి? శరణాగతిని ఉపాయంగా లెక్కవేసుకున్న క్షణంలోనే అది బేరమైపోతుంది. కృప నిర్హేతుకం, దానికి కారణం వెతకకూడదు. జీవుడు చేయవలసిందల్లా తోసిపుచ్చకుండా ఉండటమే. ఎందుకు అందరికీ ఇప్పుడే రాదు అంటే, అది ఆయన స్వాతంత్ర్యం.

ఇక్కడ లోకాచార్యులు చెప్పిన ఒక సంగతి ఈ వాదమంతటిలోనూ అందమైనది. దేవుడు జీవుడి ఖాతాలో పుణ్యం ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతాడట. దొరక్కపోతే తానే రాసుకుంటాడట. నువ్వు మాటల మధ్య నా ఊరి పేరు అన్నావు, నా పేరు అన్నావు, నా వాళ్ళ దాహం తీర్చావు, వాళ్ళు తలదాచుకోవడానికి నీడనిచ్చావు అంటూ, మనిషి అనుకోకుండా చేసినవాటిని పుణ్యాలుగా జమకట్టుకుంటాడు. నిర్హేతుక పక్షపు పెద్ద ఆచార్యుడే దేవుడికి నెపం కావాలని ఒప్పుకున్నట్టు కాదా ఇది? నెపాన్ని ఎవరు తయారుచేస్తారన్నదే తేడా. దేశికులు జీవుడి చేతిలో పెట్టారు, లోకాచార్యులు దేవుడి చేతిలో పెట్టారు. రెండు పక్షాల దూరం అనుచరులు చాటినంత పెద్దది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అసలు దూరం ఇంకోచోట ఉంది. తప్పును దేవుడు ఎలా చూస్తాడు? అప్పుడే పుట్టిన దూడ ఒంటి మీది మురికిని ఆవు నాకినట్టు, దేవుడు తనవాడి దోషాన్ని భోగ్యంగానే స్వీకరిస్తాడని తెంగలై ఆచార్యులు వాత్సల్యాన్ని వర్ణించారు. వాత్సల్యమంటే దోషాన్ని చూడకపోవడమే, ఇష్టపడటం కాదని దేశికులు నిలిచారు. శరణాగతి తరువాత తెలిసి చేసిన పాపం మాటేమిటి అన్నదానికీ ఇక్కడి నుంచే జవాబులు వేరవుతాయి. అది కూడా ముందే క్షమించినదే అని ఒకరు. ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, లేకుంటే ఈ జన్మలోనే ఎంతో కొంత శిక్ష తప్పదు, నరకం మాత్రం ఉండదు అని దేశికులు. రాజు తనవాడని పెద్ద శిక్షను చిన్నది చేయవచ్చు, అసలే లేకుండా చేస్తే రాజరికం నిలవదు.

నమ్మకం సంగతి వస్తే ఇద్దరూ మళ్ళీ ఒకటవుతారు. శరణాగతి అంగాల్లో మహావిశ్వాసం అన్నిటికన్నా కష్టమైనదని సంప్రదాయం చెబుతుంది. దానికి సుందరకాండ నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటారు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రంతో కట్టిన హనుమంతుణ్ని రాక్షసులు మళ్ళీ తాళ్ళతో కట్టారు, అంతే, బ్రహ్మాస్త్రం జారిపోయింది. అలాగే శరణు అన్నవాడు పక్కన ఇంకో ఉపాయం దాచుకుంటే శరణాగతి జారిపోతుందని.

దయ, న్యాయం ఒకరిలోనే ఇమడవేమో అన్న అనుమానానికి శ్రీవైష్ణవులు ఇంకో పరిష్కారం కూడా చూశారు. తండ్రి న్యాయం చూస్తాడు, తల్లి దయ చూపిస్తుంది. లక్ష్మి సిఫారసు చేస్తుంది. దీన్ని పురుషకారం అంటారు. పరాశర భట్టరు శ్రీగుణరత్నకోశంలో తప్పు చేయనివాడు లోకంలో ఎవడని తండ్రిని మందలించే తల్లిగా ఆమెను చూపారు. దేశికులు తిరుమల వేంకటేశ్వరుడి దయనే ఒక దేవిగా నిలబెట్టి 108 శ్లోకాల దయాశతకం రాశారు. కాకాసురుడు బతికాడు, రావణుడు చచ్చాడు, తేడా ఏమిటంటే మొదటిచోట సీత రాముడి పక్కన ఉంది, రెండోచోట లేదు అని ఆచార్యులు వివరించారు. ఇందులో ఒక సంగతి మీద వాళ్ళు అంతగా ఆగలేదు. కాకి గాయపరిచింది సీతనే. దెబ్బతిన్న మనిషి సన్నిధిలోనే క్షమ జరిగింది. అప్పుడు కూడా అస్త్రం కాకి కన్ను ఒకటి తీసుకునే శాంతించింది.

ఈ రెండు పక్షాల చరిత్రలో కాస్త నవ్వు పుట్టించే పేజీ ఒకటుంది. కాంచీపురం వరదరాజస్వామి గుడిలో ఎవరి తనియన్, అంటే ఆచార్యుణ్ని స్తుతించే శ్లోకం, ముందు చదవాలన్న తగాదా ఇంగ్లీషువాళ్ళ కాలంలో కోర్టులకెక్కి తరాల తరబడి సాగింది. ఆ తనియన్లు రెండూ తమతమ ఆచార్యుణ్ని దయకు పాత్రుడని పొగిడేవే.

అజామిళుడి కేసు

ఏ పక్షం తమ వాదాన్ని రుజువు చేయబోయినా అజామిళుణ్ని బోనెక్కించక తప్పలేదు. భాగవతం ఆరో స్కంధం అతని కథతోనే మొదలవుతుంది. తెలుగులో దీన్ని పోతన పద్యాలుగా తలచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, తెలుగు భాగవతంలో షష్ఠ స్కంధం ఏర్చూరి సింగనది.

కథ తెలిసిందే. కన్యాకుబ్జంలో శాస్త్రం చదువుకున్న బ్రాహ్మణుడు ఒక స్త్రీ వ్యామోహంలో పడి ఇల్లాలినీ తల్లిదండ్రులనూ వదిలేశాడు. జూదం, మోసం, దొంగతనంతో బతికాడు. 88 ఏళ్ళ వయసులో యమభటులు వచ్చినప్పుడు భయంతో చిన్న కొడుకును నారాయణా అని పిలిచాడు. విష్ణుదూతలు వచ్చి అడ్డుకున్నారు. అక్కడ జరిగే వాదం నిజంగా న్యాయస్థానంలో వాదంలాగే నడుస్తుంది. ధర్మమంటే ఏమిటో చెప్పమని విష్ణుదూతలు అడుగుతారు. వేదం విధించినది ధర్మం, నిషేధించినది అధర్మం, సూర్యుడు, అగ్ని, గాలి, ఆకాశం, పగలు, రాత్రి సాక్షులు అని యమభటులు చెబుతారు. ఏ తడబాటూ లేని వాదన అది. విష్ణుదూతలు దాన్ని ఖండించలేదు. ప్రాయశ్చిత్తం ఇప్పటికే అయిపోయింది అన్నారు. ఏ ఉద్దేశంతో పలికినా నామం పాపాన్ని కాలుస్తుంది, తెలియక తాకినా నిప్పు కట్టెను కాల్చినట్టు.

అంటే భాగవతం న్యాయాన్ని రద్దు చేయలేదు. ప్రాయశ్చిత్త శాస్త్రం లోపలే నామాన్ని అన్నిటికన్నా పెద్ద ప్రాయశ్చిత్తంగా నిలబెట్టింది. మీమాంసకులకు ఇది మింగుడుపడలేదు. అనుకోకుండా పలికిన ఒక్క మాటకు అంత ఫలమా, ఇది పొగడ్త కోసం చెప్పిన అర్థవాదం అన్నారు. లక్ష్మీధరుడు భగవన్నామ కౌముదిలో మీమాంసకుల పద్ధతిలోనే దీన్ని ఎదుర్కొని, పురాణం మాటను మాటగానే తీసుకోవాలని నిలబెట్టాడు. తెంగలై వారికి అజామిళుడు నిర్హేతుక కృపకు సాక్షి, ఎందుకంటే అతనికి దేవుణ్ని పిలిచే ఉద్దేశమే లేదు. వ్యాజవాదులకు కూడా అతనే సాక్షి, నోట నామం వచ్చింది కదా, అదే నెపం.

రెండు పక్షాలూ తొందరలో దాటిపోయిన విషయాలు రెండున్నాయి. ఒకటి, అజామిళుడు ఆ క్షణంలో వైకుంఠానికి పోలేదు. భటులు వెళ్ళాక బతికాడు. కుమిలిపోయాడు. అన్నీ వదిలి గంగాద్వారం చేరి, యోగంలో మనసు నిలిపి, ఆ తరువాతే శరీరం విడిచాడు. నామం శిక్షను ఆపింది, బతకడానికి వ్యవధి ఇచ్చింది. మనిషి మారడం ఆ వ్యవధిలో జరిగింది. ప్రవచనాల్లో ఈ భాగాన్ని రెండు మాటల్లో ముగించడం అలవాటైపోయింది. అది లేకపోతే కథ లాటరీ టిక్కెట్టులా మిగులుతుంది.

రెండోది ఇంతకన్నా బరువైనది. పశ్చాత్తాపంలో అతను దిక్కులేని తల్లిదండ్రులనూ, తప్పు లేకుండా వదిలేసిన భార్యనూ తలచుకుంటాడు. తలచుకుని గంగాద్వారం దారి పడతాడు. 88 ఏళ్ళ వాడి తల్లిదండ్రులు ఇంకా ఉండరు, ఒప్పుకోవలసిందే. భార్య మాట? అతను దోచినవాళ్ళ మాట? యమభటులు వేద ధర్మం పేర అభియోగం మోపారు, విష్ణుదూతలు నామం పేర సమాధానం చెప్పారు. నష్టపోయినవాళ్ళ తరఫున ఆ సభలో ఎవరూ నోరు విప్పలేదు. దయ, న్యాయం అని రెండు వైపులుగా సాగిన ఈ వాదంలో మూడో వైపు ఖాళీగా ఉండిపోయింది.

మధ్వుల దారి, శైవుల దారి

మధ్వాచార్యులు (1238–1317) చిక్కును ఎవరూ సాహసించని చోట తెంచారు. జీవుల స్వభావాలే మూడు రకాలు: ముక్తికి తగినవారు, ఎప్పటికీ సంసారంలో తిరిగేవారు, అంధతమస్సుకు పోయేవారు. దేవుడు ఎవరి స్వభావాన్ని వారిలో వికసింపజేస్తాడు. పక్షపాతం లేదు, ఎందుకంటే ఆ స్వభావాన్ని ఆయన పుట్టించలేదు. హిందూ దర్శనాల్లో నిత్యనరకాన్ని ఇంత నిక్కచ్చిగా ఒప్పుకున్నది ఇదొక్కటే అనవచ్చు. తర్కంలో బిగువుంది. తన రకమేదో తెలియని మనిషి దేన్ని పట్టుకుని ధైర్యంగా ఉండాలన్నదానికి మాత్రం భక్తి చేస్తూ పోవడమే జవాబు.

శైవసిద్ధాంతం కాలాన్ని తెచ్చింది. ఆత్మను కప్పిన మలం పండాలి, పుణ్యపాపాలు రెండింటి మీదా మనసు సమం కావాలి, అప్పుడు శక్తి దిగివస్తుంది. అంతవరకూ శివుడు చేసే మరుగుపరచడం, శిక్షించడం కూడా అనుగ్రహంలో భాగమే. శిక్షే దయ అన్న ఈ మాట వేదాంత పక్షాల్లో కన్నా ఇక్కడ స్పష్టంగా వినబడుతుంది. బాధపడుతున్నవాడితో మాత్రం ఈ మాట అనడం తేలిక కాదు.

పొరుగు మతాల్లో ఇదే ముడి

క్రైస్తవంలో ఈ ముడి అగస్టీను, పెలాజియసుల నాడే పడింది. మనిషి తన సంకల్పంతో మంచికి తిరగగలడా, ఆ తిరగడానికి కూడా ముందు కృపే కావాలా? 529లో ఆరెంజ్ సభ కృప వైపు మొగ్గింది. లూథర్ విశ్వాసం ఒక్కటే చాలన్నాడు, ట్రెంట్ సభ కృపతో కలిసి నడిచే క్రియలకు చోటుంచింది. లూథరన్ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి 1999లో ఆగ్స్‌బర్గ్‌లో చేసిన సంయుక్త ప్రకటన పాత ఖండనలు ఇప్పటి బోధలకు వర్తించవని తేల్చింది. గుంటూరు జిల్లాలో 1842 నుంచి లూథరన్ మిషన్ ఉన్న మనకు ఇది దూరపు వార్త కాదు. దేశికులు, లోకాచార్యుల మీద చదివినవాడికి ఈ చర్చ ఎంతో పరిచయమైనదిగా తోస్తుంది. పోలికను ఎక్కువ సాగదీయకూడదు. ఇక్కడ అనేక జన్మలున్నాయి, అక్కడ ఒకే జన్మ, ఒకే తీర్పు. నెపం వెతకడానికి దేవుడికి ఉన్న సమయమే వేరు.

ఇస్లాంలో ముతజిలా పండితులు తమ ఐదు మూలసూత్రాల్లో న్యాయానికి రెండో స్థానం ఇచ్చారు. దేవుడు న్యాయానికి కట్టుబడతాడు, పశ్చాత్తాపం లేకుండా పోయిన మహాపాపికి శిక్ష తప్పదు. వాళ్ళ శిష్యుడే అయిన అష్అరీ ఎదురు తిరిగాడు. జరిగిందో లేదో గానీ, ముగ్గురు అన్నదమ్ముల ప్రశ్నతో గురువు జుబ్బాయీని నిలదీశాడని చెబుతారు. పెద్దవాడు పుణ్యాత్ముడు, రెండోవాడు పాపి, మూడోవాడు పసితనంలో పోయాడు. నన్ను బతకనిస్తే నేనూ పుణ్యం చేసేవాణ్ని కదా అని పసివాడు అడుగుతాడు. బతికితే పాపివయ్యేవాడివని నాకు తెలుసు అని దేవుడంటే, నన్ను మాత్రం పసివాడిగా ఉన్నప్పుడే ఎందుకు తీసుకుపోలేదని నరకం నుంచి రెండోవాడు అరుస్తాడు. గురువు దగ్గర జవాబు లేకపోయింది. ఎవరికి ఏది మేలో దేవుడి తరఫున లెక్కవేసే వాదాలన్నింటికీ ఈ రెండోవాడి కేక గుచ్చుకుంటుంది. అష్అరీ పక్షం చివరికి దేవుడి ఇష్టమే న్యాయమని నిలిచింది. లోకాచార్యులు స్వాతంత్ర్యం అన్నది కూడా దాదాపు ఇదే చోటు. గజాలీ తరువాత బోధ తర్కం నుంచి మనసు వైపు మళ్ళి, భయం, ఆశ రెండూ సమంగా ఉండాలన్నది.

మూడో వైపు విషయంలో మాత్రం పొరుగు మతాలు మనకన్నా స్పష్టంగా మాట్లాడాయి. ఇస్లాం దేవుడి హక్కులను, మనుషుల హక్కులను విడదీసింది. తనకు రావలసిన దాన్ని దేవుడు వదులుకుంటాడు, సాటిమనిషికి చెందినది ఆ మనిషి వదులుకోవాలి, లేదా తీర్పు నాడు పుణ్యం ఇచ్చి తీర్చుకోవాలి. యూదుల మిష్నా, ప్రాయశ్చిత్త దినం దేవుడి పట్ల చేసిన తప్పులను పోగొడుతుందనీ, సాటివాడి పట్ల చేసిన తప్పును అతన్ని సమాధానపరిచేదాకా పోగొట్టదనీ చెప్పింది. క్రైస్తవంలో బలిపీఠం దగ్గరికి రాకముందే సోదరుడితో రాజీ పడమన్న బోధ ఉంది.

గోల్కొండ చెరలో ఒక లెక్క

శాస్త్రాల్లో స్పష్టంగా లేనిది తెలుగు జనం కథలో ఉండటం విశేషం. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్మును భద్రాచలం గుడికి వెచ్చించి, తానీషా పాలనలో గోల్కొండ చెరలో పడ్డాడు. ఆయన కీర్తనల్లో ఈ వాదంలోని పక్షాలన్నీ వంతులవారీగా పలుకుతాయి. ఒకచోట తన మాట రాముడి చెవిన వేయమని సీతమ్మను బతిమాలుకుంటాడు. అది అచ్చమైన పురుషకారం, పరాశర భట్టరు చదివి ఉంటే మెచ్చుకునేవాడు. ఇంకోచోట ఏ నగకు ఎంతయిందో దేవుడికే లెక్క చదివి, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు. వెంటనే దెబ్బలు ఓర్వలేక తిట్టానని మన్నించమంటాడు. న్యాయం అడగడం, దయ అడగడం అక్కడ ఒకే గొంతులో నడుస్తాయి.

ఆయన విడుదల గురించి వాడుకలో ఉన్న కథ ఈ చర్చకు ఇంకా ముఖ్యం. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా రాత్రివేళ వచ్చి ఆరు లక్షలు లెక్కపెట్టి ఇచ్చి, తానీషా చేత రశీదు రాయించుకున్నారట. చరిత్రకు ఇది నిలవదు, నిలవనక్కర్లేదు. దేవుడు తలచుకుంటే తాళాలు ఊడిపడేలా చేయవచ్చు, తానీషా మనసు మార్చవచ్చు. కథ అల్లినవాళ్ళు అలా చేయించలేదు. బాకీని మాఫీ చేయించకుండా పైసలతో సహా కట్టించారు, రశీదు కూడా పుట్టించారు. భక్తుడి మీద దయ, బాకీ రావలసినవాడికి న్యాయం రెండూ జరిగాక గానీ చెర తలుపు తెరుచుకోలేదు. వ్యాజమా, నిర్హేతుకమా అన్న ప్రశ్నను ఈ కథ పట్టించుకోలేదు, దయకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదాన్ని పట్టించుకుంది.

తేలనివి

నిర్హేతుక కృప అందరినీ ఎందుకు తరింపజేయదన్న ప్రశ్న అలాగే ఉంది. స్వాతంత్ర్యం అన్న జవాబు నోరు మూయిస్తుంది గానీ తృప్తినివ్వదు. వ్యాజవాదంలో ఆ మొదటి కదలిక జీవుడికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది రామానుజుల నాటి నుంచీ వెనక్కు జరుగుతూనే ఉంది. అనాది అన్న మాట రెండు పక్షాలకూ ఆఖరి ఆశ్రయం.

ఆ మూడో వైపును నింపే ఆధారం మాత్రం సంప్రదాయంలో లేకపోలేదు. పోతన రాసిన తొమ్మిదో స్కంధంలో దుర్వాసుడు అంబరీషుడికి అపకారం తలపెట్టి, చక్రం తరుముతుంటే వైకుంఠం దాకా పరుగెత్తాడు. విష్ణువు తన చేతిలో లేదన్నాడు. ఎవరికి కీడు తలపెట్టావో అతని దగ్గరికే పొమ్మన్నాడు. అంబరీషుడు ప్రార్థిస్తే గానీ చక్రం ఆగలేదు. దేవుడే తన క్షమను నష్టపోయినవాడి క్షమ వెనక నిలబెట్టిన ఘట్టం ఇది. దీని నుంచి సంప్రదాయం తీసుకున్నది మాత్రం భాగవతాపచారం, అంటే భక్తుడికి చేసిన అపచారం, మహాపాపమన్న నియమం. అంబరీషుడికి ఆ అధికారం వచ్చింది భక్తుడు కనుక, గాయపడినవాడు కనుక కాదు. లోకాచార్యుల జాబితాలో పరహింస, పరుల సొమ్ము దొంగిలించడం అకృత్య కరణం కింద, అంటే చేయకూడదన్నది చేయడంగా ఉంటాయి. హింస పడినవాడికి ఉన్న బాకీగా కాదు.

ఆ హద్దు దాటించడానికి దారి రామానుజుల దగ్గరే ఉంది. ప్రతి జీవుడూ భగవంతుడికి శరీరమైతే, భక్తుడు కానివాడికి తగిలిన దెబ్బ కూడా ఆయనకే తగులుతుంది. అజామిళుడి భార్యకు అంబరీషుడి అధికారం రావాలి. ఎదురుప్రశ్న కూడా అక్కడే పుడుతుంది: శరీరానికి తగిలిన దెబ్బను శరీరి తానే క్షమించవచ్చు కదా, శరీరాన్ని అడగడం దేనికి?